ఆడబిడ్డ చెట్టు

పొద్దున బస్సు దిగి వచ్చినప్పటి నుంచీ భద్రమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చుంది. పక్కన తొక్కు జాడీ. దాని మూతికి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది.

లోపల అండాలు మళ్ళీ చాయ్ వేడి చేసింది. మొదట పెట్టిన చాయ్ వదినె ముట్టకపోతే, పారబోయడం ఎందుకని వదినె కొడుకు అమరేందర్ తాగాడు. తరువాత పెట్టింది కూడా అతనే తాగాడు. ఈసారి గ్లాసు కనబడగానే, అలిగింది అమ్మ అయితే శిక్ష నాకా అన్నట్టు అత్త వంక చూశాడు.

భద్రమ్మ తమ్ముడు, ఆ ఇంటి యజమాని కృష్ణయ్య, మంచం మీద కూర్చుని పైకప్పు దూలాల వంక చూస్తున్నాడు. ఆ దూలాలు ఆయన పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన వాటిని అంత శ్రద్ధగా చూడడం మాత్రం అండాలు ఎరగదు.

"పోయి ఒక్క మాట మాట్లాడరాదు. మీ అక్కనే గద" అంది గొంతు తగ్గించి.

"నువ్వే మాట్లాడు. నీ మాటైతే ఇంటది."

"పొద్దటి సంది నేనే మాట్లాడుతున్న. నా నోరు నొస్తాంది."

కృష్ణయ్య మళ్ళీ దూలాల్లోకి వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం తోటలో ఆడబిడ్డ చెట్టు కాయంతా కోసేశారు. గుత్తదారు ఖుద్దూస్ మనుషులు కొమ్మ కొమ్మకూ ఎక్కి, ఒక్క కాయ మిగల్చకుండా దించేశారు. కాయ తోటలోని కావలి గుడిసెలో గడ్డి కింద ఉంది. సాయంత్రానికి బండ్లు కట్టుకుని పోతాయి. ఆ మాట బస్సు దిగగానే ఎవరో భద్రమ్మ చెవిన వేశారు. శుభమా అని పుట్టింటికి వస్తున్న మనిషికి ఎదురొచ్చి ఇలాంటి కబురు చెప్పేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఒకరుంటారు.

ఆ చెట్టు సంగతి ఇది. కృష్ణయ్య తండ్రి వెంకటయ్య కూతురు భద్రమ్మ పెళ్ళిలో, పసుపు కుంకుమ కింద, బావి గట్టు మీది మామిడిచెట్టును ఆమెకు ఇచ్చాడు. భూమి కాదు, చెట్టు. నువ్వు ఉన్నన్నాళ్ళూ దాని కాయ నీదే బిడ్డా అన్నాడు. తోటలో మిగతావన్నీ తియ్యటి పండ్ల చెట్లు. ఇదొక్కటే పుల్లకాయ. పీచు ఎక్కువ, టెంక గట్టి. తొక్కుకు దాన్ని మించిన కాయ కొల్లాపూర్ దిక్కున లేదు. ఏటా ఎండలు ముదిరే వేళకు భద్రమ్మ అచ్చంపేట పక్కనున్న అత్తగారి ఊరి నుంచి జాడీ పట్టుకుని దిగుతుంది. వదినా మరదళ్ళిద్దరూ కూర్చుని ముక్కలు కొడతారు, ఊళ్ళో వాళ్ళందరినీ నెమ్మదిగా ముక్కలు చేస్తారు, తొక్కు పెడతారు, నవ్వుతారు. వెంకటయ్య పోయి చాలా ఏళ్ళయింది. జాడీ రావడం మాత్రం ఏ యేడూ ఆగలేదు.

అండాలు చాయ్ గ్లాసు తీసుకుని అరుగు మీదికి వచ్చింది.

"వదినె, రెండు గుక్కలన్న తాగు. ఎండల వచ్చినవు."

"కాయ కోసం వచ్చిననా అండాలూ? మా ఊర్ల కాయల్లేవా?" భద్రమ్మ గొంతు పెరగలేదు. పెరిగితే అండాలుకు కొంత నయంగా ఉండేది. "నా బాపు ఇచ్చిన చెట్టు మీద పరాయోని చెయ్యి పడ్డది. మీరు చూసుకుంట కూసున్నరు. గిప్పుడు నాకు గీ ఇంట్ల ఏమున్నది? నా చెట్టు కాయ నాకు ముట్టినంకనే గీ కడప దాటి లోపటికొస్త. లేకుంటే మాపటి బస్సుకు గిట్లనే పోత. మల్ల రాను."

అండాలుకు ఏడుపొచ్చింది. ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చిన నాటికి ఇంకా చిన్నపిల్ల. అమ్మ కావాలని మూలన కూర్చుని ఏడుస్తుంటే, అమరేందర్ కాన్పుకు పుట్టింట్లో ఉన్న భద్రమ్మే దగ్గరికి తీసుకుని తల దువ్వింది. కడుపులో బిడ్డను మోస్తూ, ఒళ్ళో ఈ పిల్ల తలను పెట్టుకుని నిద్రపుచ్చింది. ఇన్నేళ్ళలో అండాలు ఆమెను ఆడబిడ్డ అనుకోలేదు, ఇంకో తల్లి అనుకుంది. అలాంటి మనిషి ఎవరో చుట్టపు చూపుగా వచ్చినట్టు బయట కూర్చుని ఉంటే, లోపల పొయ్యి వెలిగించడానికి అండాలుకు చేతులు రాలేదు.

తప్పు ఎవరిదని అడిగితే చెప్పడం కష్టం.

చెట్లు పూత మీదున్న మాఘంలో తోట గుత్త మాట్లాడుకున్నారు. ఏటా ఆ తోట కాపు తీసుకునేది కొల్లాపూర్ లియాఖత్ అలీ. ఈసారి ఆయనకు మోకాళ్ళు పట్టేసి, తమ్ముడి కొడుకు ఖుద్దూస్‌ను పంపాడు. ఆ చుట్టుపక్కల తోట బేరాలకు కాగితం, సంతకం ఉండవు. బయానా సొమ్ము ఇచ్చాక తోట ఆసామీ, గుత్తదారు పక్కపక్కన నడుస్తూ కంచె వెంబడి ఒక చుట్టు తిరుగుతారు. బయలుదేరిన చోటికి వచ్చి చేతులు కలుపుతారు. అంతటితో బేరం ఖాయం. ఆ చుట్టు తిరిగిన తరువాత మాట తప్పినవాణ్ణి మళ్ళీ ఏ తోట దగ్గరికీ రానివ్వరు.

కృష్ణయ్య, ఖుద్దూస్ అలాగే తిరిగారు. చేతులు కలిపారు. ఆడబిడ్డ చెట్టు గుత్తలో లేదని కృష్ణయ్య చెప్పలేదు. నీళ్ళు పల్లానికి పోతాయని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? ఇన్నేళ్ళుగా లియాఖత్ అలీకి చెప్పవలసిన అవసరం రాలేదు. ఖుద్దూస్ కూడా అడగలేదు. చుట్టు తిరిగాక కంచె లోపల ఉన్నదంతా గుత్తదారుదేనని అతను పుట్టి పెరిగిన ఇంట్లో నేర్చుకున్నాడు.

పొద్దున కృష్ణయ్య తోటకు పోయి అడిగి వచ్చాడు. ఖుద్దూస్ మర్యాదగానే మాట్లాడాడట. అన్నా, మనిద్దరం కలిసే తిరిగినం గద, చెట్టు కంచె లోపల ఉన్నదా, బయట ఉన్నదా అని ఒక్కటే అడిగాడట. లోపలే ఉంది. కృష్ణయ్య ఇంటికి తిరిగి వచ్చి దూలాలు చూడడం మొదలుపెట్టాడు.

"మామా" అన్నాడు అమరేందర్ అప్పటి దాకా ఏదో ఆలోచిస్తూ ఉండి. "గీ గుత్త చెల్లదు."

అతను పట్నంలో లా చదువుతున్నాడు. రెండో యేడు. వేసవి సెలవులకు వచ్చి, తల్లికి తోడుగా బస్సెక్కాడు. నెమ్మదస్తుడు. చదివింది చెప్పుకునే అలవాటు లేదు. అందుకే కృష్ణయ్య దూలాల మీది నుంచి కళ్ళు దించాడు.

"చెల్లదా?"

"ఇద్దరు ఒక్కదాని గురించి ఒక్క తీరుగ ఒప్పుకుంటేనే చట్టం దాన్ని ఒప్పందమంటది. నువ్వు చెట్టు ఇడిసి తోట ఇచ్చిన అనుకున్నవు. ఆయన చెట్టుతోని తోట తీసుకున్న అనుకున్నడు. చేతులైతే కలిసినయి గాని మనసులు కలువలే. ఇద్దర్ల ఎవరు అబద్ధమాడలే. పొరపాటు పడ్డరు. పొరపాటు మీద నిలవడ్డ ఒప్పందం అసలు పుట్టనట్టే లెక్క."

కృష్ణయ్య మంచం దిగాడు. తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతూనే సగం వాకిలి దాటాడు. మామా, ఇంక ఉన్నది, ఆగు అని అమరేందర్ అంటున్నా వినిపించుకోలేదు. అరుగు మీద అక్కను దాటుతూ మాత్రం, కాసేపట్లో నీ కాయ నీకు తెచ్చిస్త అన్నట్టు ఛాతీ కొద్దిగా పైకి లేపాడు.

"ఇంకేమున్నది బిడ్డా?" అంది అండాలు.

అమరేందర్ తల గోక్కున్నాడు. "చెల్లదంటే చెట్టొక్కటే చెల్లదని కాదత్తా. తోటంత చెల్లదు. ఆయన తోట మనకిడిసి పోతడు. ఆయనిచ్చిన బయానా మనం ఆయనకు తిరిగియ్యాలె."

బయానా మాఘంలోనే ఎడ్లజతగా మారి కొట్టంలో నిలబడి గడ్డి నములుతోంది. కాపు ముదిరిన తోటకు ఇప్పుడు కొత్త గుత్తదారు ఎక్కణ్ణుంచి వస్తాడు? తన మొగుడు ఒక చెట్టు గెలుచుకోవడానికి పోయి తోట గుత్తంతా పోగొట్టుకుని వచ్చేలా ఉన్నాడు. ఆమె చాయ్ గ్లాసు అమరేందర్ చేతిలో పెట్టి పరుగందుకుంది. అమరేందర్ ఆ గ్లాసు అరుగు మీద పెట్టి వెనకాలే నడిచాడు.

తోటలో కాలు పెడితే పచ్చికాయ. పోయిన వారం వచ్చిన గాలిదుమారానికి చెట్ల కింద నేల కనబడకుండా రాలింది. సగం కాయ పగిలి, ఎండకు వాడి, పులుపు వాసన కొడుతోంది. ఖుద్దూస్‌కు ఇది మొదటి తోట. పెద్దాయన నమ్మి పంపిన మొదటి పని. ఆ గాలి వచ్చిన నాటి నుంచీ అతను సరిగా తినడం లేదని కావలివాళ్ళు అనుకోవడం అండాలు విన్నది.

ఆమె వెళ్ళేసరికి కృష్ణయ్య చెప్పవలసిందంతా చెప్పేసి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఖుద్దూస్ వాడిన కాయ ఒకదాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

"అంటే గీ తోట నాది కాదా అన్నా?"

"కాదు. మా అల్లుడు చట్టం సదువుతుండు."

"గాలికి రాలిన కాయ గూడ నాది కాదా?"

"కాదంటున్న గద" అన్నాడు కృష్ణయ్య ఠీవిగా.

ఖుద్దూస్ ముఖం విప్పారింది. ఆ పిల్లవాడు నవ్వగా అండాలు చూడడం అదే మొదటిసారి. నవ్వితే బాగుంటాడు, కాని ఈ నవ్వు వాళ్ళ కొంప ముంచే నవ్వు.

"మంచిదే అన్నా. నీ తోట నీకు ముబారక్. కావలోళ్ళను గిప్పుడే పంపిస్త. గా బయానా జర సూడు."

కృష్ణయ్య చేతులు నడుము మీది నుంచి జారాయి. అప్పటికి గాని ఆయన నేల మీది కాయను సరిగా చూడలేదు. భార్య వైపు తిరిగాడు. ఏదైనా తప్పు జరిగితే ఆయన తిరిగేది ఎప్పుడూ ఆమె వైపే.

"ఆగు తమ్మీ" అంది అండాలు ఆయాసపడుతూ. "నిన్ను ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. గా చెట్టు మా ఆడబిడ్డదని ఆ రోజే చెప్తే, నువ్వు తోట వద్దంటుంటివా?"

ఖుద్దూస్ గడ్డం గోక్కున్నాడు. అబద్ధం చెప్పడానికి ఒక క్షణం ప్రయత్నించినట్టు కనబడింది. అతని వల్ల కాలేదు.

"వద్దనేటోన్ని కాదు అక్కా. ఇన్ని చెట్లల్ల ఒక్క పుల్లకాయ చెట్టు. పోతే పోనీ అంటుంటి." కొంచెం ఆగి కాయల వంక చూశాడు. "గాలి వస్తదని చెప్తే మాత్రం వద్దంటుంటి."

అండాలుకు నవ్వాగలేదు. వెనక నుంచి అమరేందర్ కూడా నవ్వాడు. గాలి తరువాత వచ్చింది భాయి, పొరపాటు ఒప్పుకున్న నాడే ఉండాలె, గాలికి చట్టం జిమ్మేదారు కాదు అన్నాడు. ఆ చెట్టు పొరపాటు తోటంతా కూలేంత పెద్దదా, చిన్నదా అన్నది కూడా కోర్టే తేల్చాలని, అది తేలే లోపల చెట్టు ఇంకెన్ని కాపులు కాస్తుందో తనకు తెలియదని ఒప్పుకున్నాడు. తన మాట సగం విని మామ పరుగెత్తుకు వచ్చినందుకు అతనికి కొంచెం సిగ్గుగా ఉంది.

ఖుద్దూస్ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. తోట వదిలి పోవాలని ఎంత ఉన్నా, చుట్టు తిరిగి చెయ్యి కలిపిన మాట అతన్ని లోపల పీకుతూనే ఉంది. పెద్దాయన ముందుకు వెళ్ళి, తోట ఇడిసిపెట్టి వచ్చిన అని చెప్పడం ఎట్లా?

"మా చిచ్చాను పిలుస్త" అన్నాడు చివరికి. "ఇన్నేండ్లు తోట నడిపిన మనిషి. గా చెట్టు గుత్తల లేదని ఆయన అంటే, కాయంత నేనే మోసుకొచ్చి అక్క ముంగట పెడ్త. తోట గూడ ఇడవ. గాలి నా నసీబు అనుకుంట. చెట్టు గుత్తలనే ఉన్నదంటే మాత్రం మీరు మల్ల మాట్లాడొద్దు."

కృష్ణయ్యకు ప్రాణం లేచి వచ్చింది. లియాఖత్ అలీని మించిన సాక్షి ఎవరున్నారు? ఏటేటా ఆ చెట్టు కాయ భద్రమ్మకు పోవడం కళ్ళారా చూసినవాడు. ఒప్పుకున్నట్టు వెంటనే చెయ్యి చాచాడు. ఖుద్దూస్ ఆ చెయ్యి కలిపాడు.

ఇంటికి వచ్చి కృష్ణయ్య మొదటిసారి అక్కతో ధైర్యంగా మాట్లాడాడు. లియాఖత్ భాయి వస్తుండు, అంత తేలిపోతది అన్నాడు. భద్రమ్మ తల తిప్పలేదు. చాయ్ గ్లాసు అరుగు మీద చల్లారి, మీగడ కట్టి ఉంది.

ఎండ వాలుతుండగా ఎడ్ల కచ్చురం వచ్చి వాకిట్లో ఆగింది. ఖుద్దూస్ చెయ్యి పట్టి దింపితే లియాఖత్ అలీ ఒక్కో కాలూ జాగ్రత్తగా నేలకు ఆనించి, అమ్మా, అల్లా అనుకుంటూ వచ్చి అరుగు రెండో కొసన కూలబడ్డాడు. తెల్లటి గడ్డం. పల్చటి మనిషి. మామిడి సొనతో వేళ్ళ చివర్లు నల్లబడిపోయి ఉన్నాయి. భద్రమ్మ కొంగు సర్దుకుంది.

"కాళ్ళెట్లున్నయి అన్నా?" అంది. అలిగిన మనిషి ఆ పొద్దంతటిలో తనంతట తానుగా అడిగిన మొదటి మాట అదే.

"అవి నా మాట ఇంటలేవు చెల్లె. నువ్వు మంచిగున్నవా?"

"ఉన్న" అంది భద్రమ్మ ముభావంగా.

కృష్ణయ్య ఆగలేకపోయాడు. ముఖం నిండా నవ్వుతో, జరిగిందంతా చెప్పి, "నువ్వే చెప్పు భాయి. ఆడబిడ్డ చెట్టు ఏ యేడన్న గుత్తల ఉన్నదా?" అన్నాడు.

లియాఖత్ అలీ కృష్ణయ్యను చూశాడు, ఖుద్దూస్‌ను చూశాడు, చివరికి భద్రమ్మ పక్కనున్న జాడీని చూశాడు.

"ఉన్నది" అన్నాడు.

కృష్ణయ్య నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

"ఏమంటున్నవు భాయి?"

"ప్రతి యేడు ఉన్నది. నేను గా చెట్టుతోనే తోట తీసుకున్న. మీ బాపు నాకు గా చెట్టు ముచ్చట ఎన్నడు చెప్పలే. నేను అడగలే."

కొట్టంలో కొత్త ఎడ్లు గడ్డి నమిలే చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది. అండాలు దర్వాజ పట్టుకుని నిలబడింది. సాక్షి కాస్తా ఎదుటి పక్షం అయిపోయాడు. ఇక వదినె బస్సుకు లేవడం ఒక్కటే మిగిలింది అనుకుంది.

"మరి కాయ?" భద్రమ్మ ఆయన వైపు తిరిగింది. "యేటేటా నాకు కాయ ఎట్లొచ్చింది?"

ముసలాయన కాళ్ళు చాచుకుని, నేల వంక చూస్తూ చెప్పుకొచ్చాడు. తోట మొదట గుత్తకు తీసుకున్న యేడు, ఒక రోజు చెట్ల కింద కూర్చుని ఉన్నాడట. చంకలో పిల్లవాడు, చేతిలో జాడీ, ఒక ఆడపిల్ల వచ్చి బావి గట్టు మీద ఆ చెట్టు కింద నిలబడింది. తోట ఆసామి బిడ్డ అని ఎవరో చెప్పారు. ఆమె ఏమీ అడగలేదు. చెట్టు వంక మాత్రం చూస్తోంది.

"తల్లిగారింటికి వచ్చిన పిల్ల, తోట పరాయోనికి గుత్తకు పోయిందని కాయ తెంపనీకె మొగమాట పడ్తాంది అనుకున్న. నాకు తోడబుట్టిన ఆడపిల్లల్లేరు చెల్లె. మావోళ్ళను పిలిచి గా చెట్టు కాయంత నీకు తెంపియ్యిమన్న. నువ్వు సప్పుడు చెయ్యకుంట తీసుకపోయినవు. మల్ల యేడు వచ్చినవు. మల్ల ఇచ్చిన. గదే నడిచింది."

"నేను నాదనుకొని తీసుకపోయిన" అంది భద్రమ్మ.

"నేను నాదనుకొని ఇచ్చిన" అన్నాడు లియాఖత్ అలీ.

ఖుద్దూస్ నోరు తెరుచుకుని వింటున్నాడు. నాకెందుకు చెప్పలేదు చిచ్చా అని నెమ్మదిగా అడిగాడు.

"చెల్లెకు పెట్టుకున్నది నలుగుట్ల చెప్పుకుంటరా బేటా? తోట ముచ్చట్లు అన్ని చెప్పిన నీకు. గిది తోట ముచ్చట కాదనుకున్న."

అమరేందర్ అంతా విని, కూడికలు తీసివేతలు మనసులోనే వేసుకుని, చివరికి బయటికి అన్నాడు. తాత ఒక తీరుగా అనుకున్నాడు, ఈయన ఇంకో తీరుగా అనుకున్నాడు, తాను చదివింది నిజమైతే ఇన్నేళ్ళలో ఏ ఒక్క యేడూ ఆ గుత్త చెల్లనే లేదు.

లియాఖత్ అలీ ముఖమెత్తి అతన్ని చూశాడు. అప్పుడు చంకలో ఉన్న పిల్లవాడు ఇతనేనని గుర్తుపట్టాడు కాబోలు, కళ్ళు చిన్నవి చేసి నవ్వాడు.

"చెల్లకుంటెనే గింత మంచిగ నడిచింది బిడ్డా. చెల్లితే ఎట్లుంటుండెనో."

ఆ మాటకు అండాలు నవ్వింది, అమరేందర్ నవ్వాడు. ఖుద్దూస్ నవ్వాలా వద్దా అని చూసి, తానూ నవ్వాడు. కృష్ణయ్య ఒక్కడే నవ్వలేదు. ఆయన అరుగు అంచున కూర్చుని రెండు చేతుల మధ్య తల పెట్టుకున్నాడు. ఏటా అక్క జాడీ నిండా కాయ తీసుకుని వెళ్తుంటే, ఆడబిడ్డను బాగా చూసుకుంటున్నానని తాను ఊళ్ళో తల ఎత్తుకుని తిరిగాడు. పెట్టింది ఇంకొకరు. తండ్రి మాట కూడా గాలిలోనే ఉండిపోయింది. లియాఖత్ అలీ తోట పట్టిన నాటి నుంచీ ఆ చెట్టు కాయ ఒక్కటంటే ఒక్కటి ఆ ఇంటి నుంచి భద్రమ్మకు పోలేదు. అండాలుకు ఆయన మీద జాలేసింది. పొద్దటి నుంచీ ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది.

"చెట్టు నీదే బేటా" అన్నాడు లియాఖత్ అలీ ఖుద్దూస్‌తో. "చుట్టు తిరిగినోనివి నువ్వు. నేను చెప్పేది ఏం లేదు. ఏం చేస్తవో నీ ఇష్టం."

ఖుద్దూస్ తల వంచుకుని లేచాడు. ఎవరి వంకా చూడకుండా తోట దిక్కు నడిచిపోయాడు. బండ్లు కట్టే వేళయింది. ఇక ఆపడానికి దారి లేదు. మళ్ళీ మాట్లాడనని తోటలో ఒప్పుకుని చెయ్యి కలిపింది కృష్ణయ్యే.

ముసలాయనకు మాట్లాడి మాట్లాడి దగ్గొచ్చింది. ఎండలో కచ్చురంలో వచ్చిన మనిషి. గుండె పట్టుకుని, జర మంచినీళ్ళియ్యిన్రి అన్నాడు.

అండాలు కదలబోయింది. అంతలోనే పక్క నుంచి గాజుల చప్పుడైంది. భద్రమ్మ లేచింది. అరుగు మీది కుండ వంచి చూస్తే అడుగున కూడా నీళ్ళు లేవు. ఆమె చెంబు పట్టుకుని, దర్వాజలో అడ్డంగా ఉన్న మరదలిని పక్కకు జరిపి, కడప దాటి, చీకటిగా ఉన్న వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఇంట్లో కుండ ఎక్కడుందో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

అమ్మా అని ఏదో అనబోయిన అమరేందర్ చెయ్యి అండాలు గట్టిగా పట్టుకుంది. మాట్లాడొద్దని కళ్ళతోనే చెప్పింది.

భద్రమ్మ నీళ్ళు తెచ్చి, కడప లోపలి నుంచే వంగి లియాఖత్ అలీకి అందించింది. ఆయన చెంబు ఎత్తి, ఆగకుండా తాగాడు. మీసాలు తుడుచుకుని, చల్లగున్నయి చెల్లె అన్నాడు.

అప్పుడు వాకిట్లో అడుగుల చప్పుడైంది. ఖుద్దూస్. వీపు మీద గోనె సంచి, వంగిపోయి నడుస్తున్నాడు. అతని వెనక ఇద్దరు కావలివాళ్ళు, వాళ్ళ తలల మీద గంపలు. సంచి తెచ్చి జాడీ పక్కన దించాడు. మూతి విప్పితే ఆకుపచ్చటి పుల్లకాయ అరుగు మీదికి దొర్లింది. ఇంటినిండా దాని వాసన పరుచుకుంది.

"గింత కాయ ఉన్నది అక్కా" అన్నాడు ఆయాసంతో. "చిచ్చా ఇచ్చింది చిచ్చాది. గిది నేనిస్తున్న. తోట గూడ ఇడుస్తలేను."

కృష్ణయ్య తల పైకి లేచింది. "నువ్వెందుకిస్తవు?" అన్నాడు మొండిగా. "నా అక్కకు నేనిచ్చుకుంట. లే, మల్ల చుట్టు తిరుగుదాం. గా చెట్టు ఇడిసి తిరుగుదాం. గీ యేడు నోరు తెరిచి చెప్పి ఇస్త."

"గట్లయితే నేనిచ్చిన ఇన్నేండ్ల లెక్కేంది?" అన్నాడు లియాఖత్ అలీ. ఆయన ముఖంలో నిజంగానే చిన్న కష్టం కనబడింది. "గీ యేడు మోకాళ్ళు నొస్తే చెల్లె తప్పిపోతదా నాకు?"

భద్రమ్మ కడప దాకా దొర్లి వచ్చిన ఒక కాయను పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కళ్ళు తుడుచుకుంది. ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిని చూసింది.

"నేనేమనుకొని తీసుకపోవాలె చెప్పున్రి" అంది. "బాపు ఇచ్చిండనా, అన్న ఇచ్చిండనా, తమ్ముడిచ్చిండనా, గీ పిలగాడిచ్చిండనా? గిన్నేండ్లు తెల్వక తిన్న. గిప్పుడు తెలిసి ఎట్ల తినాలె?"

ముగ్గురూ ఒకేసారి నోరు తెరిచారు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని మూసుకున్నారు. అమరేందర్ కాళ్ళ బొటనవేళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. అతను చదివిన పుస్తకంలో ఆ ప్రశ్న లేదు.

అండాలు కిందికి చూసింది. వదినె పాదాలు రెండూ ఇంకా కడప లోపలే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు. గుర్తు చెయ్యడానికి అండాలుకేం పట్టింది? చప్పుడు కాకుండా ఆమె పక్క నుంచి వంటింట్లోకి జారుకుని, పొయ్యి వెలిగించి, అందరికీ సరిపడా బియ్యం కడగసాగింది. బస్సు వచ్చే వేళ దగ్గరపడుతోంది. చేతులు నీళ్ళలో ఉన్నాయి గాని, ఎవరు ముందు జవాబు చెబుతారా అని ఆమె చెవులు మాత్రం దర్వాజ దగ్గరే ఉన్నాయి.